సీసీ కెమెరా రికార్డింగ్ ఓపెన్ కావట్లేదా? తరచుగా అడిగే ప్రశ్నలు

వరంగల్, హనుమకొండ, కాజీపేట చుట్టుపక్కల ఇండ్లకు, షాపులకు, ఎనుమాముల మార్కెట్ వైపు కమీషన్ దుకాణాలకు కెమెరాలు బిగించి సర్వీస్ చేసే పని మాది. కెమెరా పనిచేయట్లేదని వచ్చే ఫోన్ల కంటే, రికార్డింగ్ ఉంది కానీ పెడితే వస్తలేదని వచ్చే ఫోన్లే ఇప్పుడు ఎక్కువ. అవి కూడా దొంగతనమో యాక్సిడెంటో జరిగాక, టెన్షన్‌లో చేసేవే. అవే అనుమానాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి జవాబులు ఇక్కడ రాసి పెట్టాం. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లొచ్చు. డీవీఆర్ అంటే కెమెరాల వీడియోను డిస్క్‌లో రికార్డు చేసే పెట్టె. ఐపీ కెమెరాలకు వాడే ఎన్‌వీఆర్‌కీ అదే జవాబు.

ముందే ఒక మాట. ఓపెన్ కాని వీడియో అంటే పాడైన వీడియో అనుకోకండి. చాలాసార్లు తేడా ప్లేయర్‌లోనో, తీసిన పద్ధతిలోనో ఉంటుంది. డీవీఆర్‌లో చెరిగిపోకముందే బయటికి తీసి పెట్టుకుంటే, ఎలా ఆడించాలో తర్వాత నింపాదిగా చూసుకోవచ్చు.

## బయటికి తీయకముందు

పోయిన వారం జరిగింది. ఇంకా ఉంటదా, చెరిగిపోతదా?

డిస్క్ నిండగానే డీవీఆర్ పాతదాని మీద కొత్తది రాసుకుంటూ పోతుంది. ఎన్ని రోజులు ఉంటుందో మీరే లెక్కేసుకోవచ్చు. ఒక కెమెరా సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రికార్డు చేస్తే గంటకు 900 ఎంబీ, రోజుకు 21.6 జీబీ అవుతుంది. నాలుగు కెమెరాలకు రోజుకు దాదాపు 86 జీబీ. అంటే 1 టీబీ డిస్క్‌లో పదకొండు రోజులకు మించి ఆగదు. వీడియోను ఎక్కువగా కుదించే హెచ్.265 పద్ధతి పెట్టి బిట్‌రేట్ (సెకనుకు రాసే డేటా) సగం చేస్తే ఇరవై మూడు రోజుల దాకా వస్తుంది. కదలిక ఉన్నప్పుడే రికార్డు చేసే మోషన్ రికార్డింగ్ అయితే ఇంకా ఎక్కువ రోజులే ఉండాలి కానీ, కెమెరా ముందు వేపచెట్టు కొమ్మ ఊగుతుంటే ఆ పొదుపు కూడా మిగలదు.

ఈ రోజే తీయడం కుదరకపోతే, మెనూలోకి వెళ్లి డీవీఆర్‌ను షట్‌డౌన్ చేసి పక్కన పెట్టండి. ఆఫ్‌లో ఉన్న డిస్క్ మీద కొత్తది రాయదు. ఒకటి రెండు రోజులు కెమెరాలు లేకపోయినా పర్వాలేదు అనుకుంటేనే ఈ పని చేయండి.

ఆ టైమ్‌కి వెతికితే ఏమీ లేదంటోంది. ముందు ఉంది, తర్వాత ఉంది, మధ్యలో ఖాళీ.

మూడు కారణాలు చూడాలి. మొదటిది కరెంట్. ఆ టైమ్‌లో పోయి ఉంటే రికార్డు ఉండదు. డీవీఆర్‌కి యూపీఎస్ ఉండి కెమెరాల అడాప్టర్‌కి లేకపోతే, రికార్డింగ్ ఉన్నట్టే ఉంటుంది కానీ 'వీడియో లాస్' అని నల్ల తెర వస్తుంది. రెండోది మోషన్ సెట్టింగ్. సెన్సిటివిటీ తగ్గించి పెడితే చీకట్లో నెమ్మదిగా నడిచే మనిషిని అది పట్టుకోకపోవచ్చు. మూడోది వెతికే పద్ధతి. సెర్చ్‌లో 'మోషన్' ఒక్కటే టిక్ చేసి ఉంటే మామూలు రికార్డింగ్ కనిపించదు. అన్ని రకాలూ టిక్ చేసి మళ్లీ వెతకండి. అప్పటికీ లేకపోతే పక్క ఛానెల్, అంటే పక్క కెమెరా రికార్డింగ్ చూడండి. గేటు కెమెరా వదిలేసినది మెట్ల కెమెరాలో దొరికిన సందర్భాలు బోలెడు.

డీవీఆర్‌లో టైమ్ తప్పు చూపిస్తోంది. సరిచేసి తీయాలా, అట్లనే తీయాలా?

అట్లనే తీయండి. ముందు మానిటర్ మీది టైమ్, మీ సెల్‌ఫోన్ టైమ్ రెండూ కనబడేలా ఒక ఫొటో తీసుకోండి. డీవీఆర్ 40 నిమిషాలు వెనక ఉంటే, రాత్రి 9:10కి జరిగినదాన్ని 8:30 దగ్గర వెతకాలి. ఇప్పుడు గడియారం సరిచేసినంత మాత్రాన పాత రికార్డింగ్ మీది టైమ్ మారదు. పైగా ఎంత తేడా ఉండేదో చెప్పడానికి ఆధారం పోతుంది.

కరెంట్ పోయి వచ్చిన ప్రతిసారీ తేదీ 2000 సంవత్సరానికి వెళ్లిపోతుంటే లోపలి సీఆర్2032 బటన్ సెల్ అయిపోయినట్టే. అప్పుడు ఆ రోజుల రికార్డింగ్ 2000 జనవరి 1 కింద దొరుకుతుంది, వెతికి చూడండి. తీసుకున్నాక సెల్ మార్పించి, టైమ్ జోన్ జీఎంటీ+5:30 పెట్టి, నెట్ ఉంటే దాని నుంచి టైమ్ సరిచేసుకునే ఎన్‌టీపీ ఆన్ చేయించండి.

## పెన్‌డ్రైవ్‌లోకి తీసేటప్పుడు

పెన్‌డ్రైవ్ పెడితే డీవీఆర్ గుర్తుపడతలేదు.

చాలా డీవీఆర్‌లకు ఫ్యాట్32 ఫార్మాట్ కావాలి. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఉన్న పెన్‌డ్రైవ్‌ను కొన్ని అసలు చూడవు, కొన్ని చూసినా రాయవు. 32 జీబీ లేదా అంతకంటే చిన్నది తీసుకుని, అందులో ఉన్నవన్నీ వేరేచోట దాచుకుని ఫ్యాట్32లో ఫార్మాట్ చేయండి. డీవీఆర్‌కి మౌస్ పెట్టే యూఎస్‌బీ ఒకటి, వెనకాల ఇంకొకటి ఉంటాయి. రెండింట్లోనూ పెట్టి చూడండి. ఫార్మాట్ ఆప్షన్ డీవీఆర్ మెనూలోనూ ఉంటుంది. అయితే అక్కడ లిస్టులో పెన్‌డ్రైవ్ పక్కనే డీవీఆర్ హార్డ్ డిస్క్ పేరు కూడా కనిపిస్తుంది. ఏది టిక్ చేశారో సైజు చూసి, రెండోసారి కూడా చూసి, అప్పుడే ఓకే నొక్కండి.

రెండు గంటలది తీస్తే ముక్కలు ముక్కలుగా వచ్చింది. పాడైందా?

లేదు. ఫ్యాట్32లో ఒక ఫైల్ 4 జీబీ దాటకూడదు, అందుకే డీవీఆర్ ముందే ముక్కలు చేస్తుంది. కొన్ని మోడళ్లు గంటకొకటి, కొన్ని ఇంకా చిన్నవి చేస్తాయి. ఫైల్ పేరులో ఛానెల్ నంబరు, మొదలైన టైమ్ ఉంటాయి కాబట్టి పేర్లు మార్చకండి.

ఎంపీ4, ఏవీఐ, డీఏవీ అని అడుగుతోంది. ఏది నొక్కాలి?

చోటుంటే రెండుసార్లు తీయండి. ఒకసారి కంపెనీ సొంత ఫార్మాట్‌లో, ఇంకోసారి ఎంపీ4లో. సొంత ఫార్మాట్‌లో టైమ్ వివరాలు, మోడల్‌ను బట్టి, వీడియో మార్చలేదని చూపే వాటర్‌మార్క్ కూడా చెదరకుండా ఉంటాయి. ఎంపీ4 మీరు చూసుకోవడానికి, పంపడానికి. 'ప్లేయర్‌తో పాటు' అని టిక్ పెట్టే గడి ఉంటే తప్పకుండా పెట్టండి. ఆ చిన్న ప్లేయర్ పెన్‌డ్రైవ్‌లో ఉంటే, తర్వాత పడే తిప్పలు సగం తప్పుతాయి.

మానిటర్ మీద ప్లే చేసి ఫోన్‌తో వీడియో తీసుకున్నం. సరిపోదా?

ఇంట్లోవాళ్లకు చూపించడానికైతే సరే. ముఖం, నంబర్ ప్లేట్ గుర్తుపట్టాల్సిన పనికి, కేసుకి సరిపోదు. అసలుది కూడా తీయండి.

## కంప్యూటర్‌లో పెట్టాక

డీఏవీ ఫైల్‌ని దేంతోనూ ఓపెన్ చేయలేకపోతున్నం.

దాహువా డీవీఆర్‌లు, అదే పద్ధతిలో నడిచే సీపీ ప్లస్ మోడళ్లు ఎక్కువగా ఈ ఫార్మాట్ ఇస్తాయి. దాహువా వాళ్ల స్మార్ట్ ప్లేయర్ దీనికోసమే ఉంది, ఉచితం. కంపెనీ సొంత సైట్ నుంచే దించుకోండి. 'డీఏవీ ప్లేయర్ ఫ్రీ' అని వెతికితే మొదట వచ్చే సైట్లలో ప్లేయర్‌తో పాటు ఏమేం వస్తాయో చెప్పలేం.

వీఎల్‌సీ అనే ఉచిత ప్లేయర్‌లో కూడా చాలావరకు ఆడుతుంది. నేరుగా ఆడకపోతే ప్రిఫరెన్సెస్‌లో అన్ని సెట్టింగులు చూపించమని నొక్కి, ఇన్‌పుట్/కోడెక్స్ కింద డీమక్సర్స్‌లో హెచ్264 వీడియో డీమక్సర్ ఎంచుకుని సేవ్ చేయండి. పని అయ్యాక మళ్లీ ఆటోమేటిక్‌కి మార్చకపోతే మామూలు సినిమాలు ఆడవు, తర్వాత దానికో ఫోన్ వస్తుంది. డీఏవీ అన్న పేరు చివర తీసేసి ఎంపీ4 అని రాయడం వల్ల మాత్రం ఏమీ మారదు. లోపల ఉన్నది అదే.

ఎంపీ4 అనే ఉంది, అయినా విండోస్‌లో రావట్లేదు. ఒక్కోసారి నల్ల తెర.

రెండు వేరువేరు కారణాలు ఉంటాయి. ఒకటి, వీడియో హెచ్.265లో ఉండొచ్చు. దీన్నే హెచ్‌ఈవీసీ అని కూడా అంటారు. విండోస్ 10, 11ల సొంత ప్లేయర్ దీనికి హెచ్‌ఈవీసీ ఎక్స్‌టెన్షన్ అడుగుతుంది, అది మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో డబ్బు పెట్టి కొనాలి. వీఎల్‌సీ వేసుకుంటే ఆ ఖర్చు అక్కర్లేదు.

రెండోది, పేరుకు ఎంపీ4 అయినా లోపలి అమరిక వేరే ఉండడం. హిక్‌విజన్ డీవీఆర్ నుంచి తీసిన కొన్ని ఫైళ్లు ఇట్లాంటివే. వాటి మొదట్లో కంపెనీ సొంత హెడర్ ఉంటుంది, మిగతాది ఎంపెగ్ ప్రోగ్రామ్ స్ట్రీమ్ అనే వేరే రకం ఫార్మాట్. వాటికి హిక్‌విజన్ వీఎస్‌ప్లేయర్ సరిగ్గా సరిపోతుంది. ఏ పెట్టెతో తీసింది అన్నది తెలిస్తే జవాబు సగం దొరికినట్టే. అందుకే ఫైల్ పంపి 'ఇది ఆడతలేదు' అని అడిగేవాళ్లను మేము మొదట అడిగేది డీవీఆర్ కింద అంటించిన స్టిక్కర్ ఫొటో.

వీడియోలో మనుషులు ఉరుకుతున్నట్టు కనిపిస్తున్నరు.

కెమెరా సెకనుకు 15 ఫ్రేముల చొప్పున తీస్తే, ఆ సమాచారం ఫైల్‌లో దొరకని ప్లేయర్ 25 అనుకుని ఆడిస్తుంది. గంట వీడియో 36 నిమిషాల్లో అయిపోతుంది. వీఎల్‌సీలో వేగాన్ని 0.6కి తగ్గించండి, సరిపోతుంది. అసలు టైమ్ కావాలంటే కింద ప్లేయర్ గీత మీద చూపించే నిమిషాలను నమ్మొద్దు, బొమ్మ మీద ముద్రపడిన గడియారాన్ని చూడండి. బండి వేగం లెక్కగట్టే యాక్సిడెంట్ కేసుల్లో ఇది చిన్న విషయం కాదు.

ముందుకు జరిపితే జరగట్లేదు, మొత్తం ఎంతసేపో కూడా చూపిస్తలేదు.

ఫైల్‌లో ఇండెక్స్ లేదు. బొమ్మ అంతా ఉంది, ఏ నిమిషం ఎక్కడుందో చెప్పే పట్టీ లేదు అంతే. కంపెనీ ప్లేయర్‌లో పెడితే జరుగుతుంది. లేదా ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ లాంటి టూల్‌తో వీడియోను మళ్లీ కుదించకుండా కొత్త ఎంపీ4లోకి కాపీ చేయించుకోవచ్చు. నాణ్యత తగ్గదు, కొద్ది నిమిషాల పని. ఒరిజినల్‌ని అట్లాగే ఉంచి, కాపీ మీదే చేయాలి.

మొదట్లో అంతా బూడిద రంగు, లేదంటే పచ్చగా ముద్దముద్దగా వస్తోంది.

ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మగా రికార్డు కాదు. మధ్యమధ్యలో ఒక పూర్తి ఫ్రేమ్ ఉంటుంది, మిగతావాటిలో దాని నుంచి మారినది మాత్రమే ఉంటుంది. మీరు కోసి తీసిన చోట పూర్తి ఫ్రేమ్ లేకపోతే, అది వచ్చేదాకా బూడిద రంగే. మామూలుగా సెకనో రెండు సెకన్లో. హెచ్.265+ లాంటి స్మార్ట్ కోడెక్ ఆన్‌లో ఉంటే ఇంకా ఆలస్యం కావొచ్చు. మందు తేలిక: కావాల్సిన టైమ్‌కి రెండు నిమిషాల ముందు నుంచి తీయండి.

పచ్చ గీతలు వీడియో అంతటా వస్తుంటే వీఎల్‌సీలో హార్డ్‌వేర్ డీకోడింగ్‌ను డిసేబుల్ చేసి చూడండి. అదే చోట, అదే సెకనులో, ఏ కంప్యూటర్‌లో పెట్టినా వస్తుంటే అప్పుడు డిస్క్‌ని అనుమానించాలి.

ఆగి ఆగి ఆడుతోంది.

మొదట ఫైల్‌ను పెన్‌డ్రైవ్ నుంచి కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోండి. అప్పటికీ ఆగుతుంటే, 8 మెగాపిక్సెల్ హెచ్.265 వీడియో పాత కంప్యూటర్‌కి బరువు. ఇంటెల్ ఆరో తరం ప్రాసెసర్ల నుంచే దానికి హార్డ్‌వేర్ సాయం ఉంది. ఇంకా పాతదైతే వేరే కంప్యూటర్‌లో చూడడమే మంచిది.

బొమ్మ ఉంది, మాట లేదు.

కెమెరాలో మైక్ ఉందా? చాలా బుల్లెట్ కెమెరాల్లో ఉండదు. ఉన్నా డీవీఆర్ సెట్టింగ్‌లో ఆడియో ఆన్ చేయకపోతే రికార్డు కాదు, తర్వాత తెప్పించడం ఎవరి వల్లా కాదు. రికార్డు అయి ఉంటే మాత్రం ప్లేయర్ మార్చండి. కెమెరాలు ఎక్కువగా వాడే జీ.711 ఆడియోను కొన్ని ప్లేయర్లు, ఫోన్లు పట్టించుకోవు.

జూమ్ చేస్తే నంబర్ ప్లేట్ మసకగా ఉంది. సాఫ్ట్‌వేర్‌తో క్లియర్ చేయొచ్చా?

రికార్డు కానిదాన్ని సాఫ్ట్‌వేర్ తెచ్చి ఇవ్వదు. ఏఐ పేరుతో వచ్చే యాప్‌లు మసక అక్షరాన్ని ఊహించి గీస్తాయి. 3 ఉన్నచోట 8 వస్తే ఎవరి బండి మీదనో పడుతుంది. ఒక్క ప్రయత్నం చేయొచ్చు: మీరు చూస్తున్నది సబ్ స్ట్రీమ్ (తక్కువ నాణ్యత కాపీ) అయితే, డీవీఆర్ దగ్గరికి వెళ్లి మెయిన్ స్ట్రీమ్ (పూర్తి నాణ్యతది) తీసి చూడండి. తేడా బాగానే ఉంటుంది.

## ఫోన్‌లో, మెమరీ కార్డులో

ఫోన్ యాప్‌లో పాతది చూస్తే అలుక్కుపోయినట్టుంది. డీవీఆర్ దగ్గర బాగానే ఉంది.

యాప్ డేటా ఆదా కోసం సబ్ స్ట్రీమ్ తెస్తుంది. క్వాలిటీ దగ్గర హెచ్‌డీ నొక్కండి. అయినా తిరుగుతూ ఉంటే ఫోన్ నెట్ ఒక్కటే చూడకండి, షాపులో ఉన్న కనెక్షన్ అప్‌లోడ్ వేగం కూడా కావాలి.

యాప్ వెరిఫికేషన్ కోడ్ అడుగుతోంది. పాస్‌వర్డ్ కొడితే తీసుకోదు.

అది లాగిన్ పాస్‌వర్డ్ కాదు. స్ట్రీమ్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉంటే రికార్డింగ్ తెరవడానికి అడిగే వేరే కోడ్. డీవీఆర్ నెట్‌వర్క్ మెనూలో ప్లాట్‌ఫామ్ యాక్సెస్ దగ్గర కనిపిస్తుంది, కొన్ని కెమెరాలకు స్టిక్కర్ మీదే ఉంటుంది. బిగించిన అబ్బాయి ఊరు మారాక అడిగితే దొరకదు. ఈరోజే రాసి పెట్టుకోండి.

వాట్సాప్‌లో పంపితే ముఖాలు కనిపిస్తలేవు.

వీడియోగా పంపితే వాట్సాప్ కుదించేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపండి. 2 జీబీ దాకా పోతుంది, ఉన్నది ఉన్నట్టే చేరుతుంది.

వైఫై కెమెరాలోని కార్డు తీసి కంప్యూటర్‌లో పెడితే ఫార్మాట్ చేయమంటోంది.

వద్దు, క్యాన్సిల్ నొక్కండి. కొన్ని కెమెరాలు కార్డును తమకే తెలిసేలా ఎన్‌క్రిప్ట్ చేస్తాయి. తిరిగి అదే కెమెరాలో పెట్టి, యాప్ నుంచి క్లిప్ దించుకోండి. కెమెరాలో పెట్టినా చదవకపోతే కార్డు అరిగిపోయి ఉంటుంది. రోజంతా రాస్తూనే ఉండే పనికి హై ఎండ్యూరెన్స్ కార్డు కావాలి. రోడ్డు పక్కన సగం ధరకు వచ్చే 128 జీబీ కార్డుల్లో నకిలీవి ఉంటాయి. లోపల 8 జీబీయే ఉండి పైకి 128 అని చూపిస్తాయి. కొన్నరోజే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ లాంటి టూల్‌తో నింపి చూస్తే బయటపడుతుంది.

## ఫైల్ పోయినా, డిస్క్ పోయినా

కాపీ అవుతుండగా కరెంట్ పోయింది. ఫైల్ ఉంది, ఓపెన్ కాదు.

డీవీఆర్‌లో అసలుది ఇంకా ఉంటే గొడవే లేదు, మళ్లీ తీయండి. రిపేర్ గురించి ఆలోచించాల్సింది అది చెరిగిపోయాకే. ఎంపీ4 ఫైల్‌కి ఏది ఎక్కడుందో చెప్పే భాగం సాధారణంగా చివర్లో రాస్తారు, మధ్యలో ఆగితే అది ఉండదు. అన్‌ట్రంక్ అనే ఉచిత టూల్, అదే కెమెరా అదే సెట్టింగ్‌తో తీసిన మంచి ఫైల్ ఒకటి చూపిస్తే, దాని నమూనాతో చెడినదాన్ని బాగుచేసే ప్రయత్నం చేస్తుంది. సైజు సున్నా అని చూపిస్తే బాగుచేయడానికి అందులో ఏమీ లేదు.

డీవీఆర్ చెడిపోయింది. హార్డ్ డిస్క్ తీసి కంప్యూటర్‌కి పెడితే ఫార్మాట్ అడుగుతోంది.

డీవీఆర్‌లు తమ సొంత ఫైల్ సిస్టమ్ వాడతాయి, విండోస్‌కి అది ఖాళీ డిస్క్‌లా కనిపిస్తుంది. ఫార్మాట్‌కీ, ఇనిషియలైజ్‌కీ రెండింటికీ వద్దనండి. అదే కంపెనీ, అదే మోడల్ డీవీఆర్ తెచ్చి డిస్క్ పెడితే చాలాసార్లు నేరుగా చూపిస్తుంది. వేరే కంపెనీ డీవీఆర్‌లో పెట్టకండి. ఫార్మాట్ చేయమనే అడుగుతుంది, కొన్ని అడగకుండానే చేస్తాయి.

వరద నీళ్లు షాపులోకి వచ్చాయి. డీవీఆర్ మునిగింది. ఎండబెట్టి పెడితే పనిచేస్తదా?

2020 ఆగస్టు, 2023 జులై వరదల్లో నయీంనగర్ వైపు నీళ్లు చూసినవాళ్లకు ఈ ప్రశ్న కొత్త కాదు. పెట్టె పోతే కొత్తది వస్తుంది. లోపలి డిస్క్‌లో ఉన్నది కావాలంటే మాత్రం కరెంట్ అస్సలు ఇవ్వకండి. 'ఒక్కసారి ఆన్ చేసి చూద్దాం' అనేదే డిస్క్‌ని చంపుతుంది. మామూలు హార్డ్ డిస్క్‌కు గాలి ఆడేందుకు చిన్న రంధ్రం ఉంటుంది, మునిగితే అందులోంచి బురద నీళ్లు లోపలికి పోతాయి. ఎండలో పెడితే నీళ్లు ఆరిపోతాయి, మట్టి ప్లేటు మీద గడ్డకడుతుంది. తర్వాత డిస్క్ తిరిగినప్పుడు ఆ మట్టి ప్లేటును గీరేస్తుంది.

హెయిర్ డ్రయర్ వద్దు, బియ్యం డబ్బా వద్దు, మూత విప్పడం అసలే వద్దు. తడిగా ఉన్నదాన్ని అట్లాగే ప్లాస్టిక్ కవర్‌లో గట్టిగా మూసి, డేటా రికవరీ చేసేవాళ్లకు త్వరగా చేర్చండి. ఖర్చు ఎక్కువ, వస్తుందన్న హామీ ఎవరూ ఇవ్వరు. కాబట్టి అందులో ఉన్న వీడియో విలువ ముందు తేల్చుకోండి. నీళ్లు వచ్చే గల్లీలో డీవీఆర్‌ని కౌంటర్ కింద పెట్టించుకున్నవాళ్లు, వానాకాలం మొదలయ్యేలోపు గోడకు ఎత్తుగా రాక్ కొట్టించుకోండి.

పొరపాటున ఫార్మాట్ అయింది. వస్తదా?

వెంటనే ఆఫ్ చేస్తే ఆశ ఉంది. ఫార్మాట్ అయ్యాక కెమెరాలు నడుస్తూనే ఉంటే గంటగంటకూ పాతది చెరుగుతుంది.

## పోలీసులకు, కోర్టుకు ఇచ్చేటప్పుడు

అందరికీ ఓపెన్ కావాలని ఎంపీ4కి మార్చి ఇస్తే ఏమన్నా ఇబ్బందా?

మార్చినది చూడడానికి ఇవ్వండి, దాంతో పాటు మార్చని ఒరిజినల్ కూడా ఇవ్వండి. 2024 జులై 1 నుంచి సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమ్ 2023 అమల్లో ఉంది. ఎలక్ట్రానిక్ రికార్డు కాపీ ఇచ్చేటప్పుడు, పాత 65బీ సర్టిఫికెట్ బదులు ఇప్పుడు సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి. అందులో పార్ట్ ఏ రికార్డు ఇచ్చేవాళ్లది, పార్ట్ బీ నిపుణుడిది. ఫైల్ హ్యాష్ విలువ, అంటే ఫైల్‌లోని డేటా నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటి సంఖ్య, కూడా అందులో రాయాలి. ఫైల్‌లో ఒక్క బిట్ మారినా హ్యాష్ మారిపోతుంది. కట్ చేసినా, కన్వర్ట్ చేసినా అది వేరే ఫైల్ కిందే లెక్క. అందుకే తీసిన వెంటనే, ఎవరూ ముట్టకముందే హ్యాష్ లెక్కించి రాసుకోవాలి.

పోలీసులు డీవీఆరే ఇవ్వమంటున్నరు. ఇవ్వాలా?

కేసుకు అవసరమైతే స్వాధీనం చేసుకునే అధికారం వాళ్లకు ఉంది. ఇచ్చేముందు మీకు కావాల్సిన రికార్డింగ్ కాపీ వాళ్ల ఎదుటే తీసుకుంటామని అడగండి. మోడల్, సీరియల్ నంబర్లు రాసిన రసీదు తీసుకోండి. పాస్‌వర్డ్ కూడా రాసి ఇవ్వండి, లేదంటే స్టేషన్‌లో పెట్టె ఉన్నా తెరిచేవాళ్లు ఉండరు.

షాపులో ఎన్ని రోజుల రికార్డింగ్ దాచాలి?

జనం ఎక్కువగా వచ్చే దుకాణాలు, ఆస్పత్రులు, విద్యాసంస్థలు, ప్రార్థనా స్థలాల్లాంటి వాటికి 2013 నాటి పబ్లిక్ సేఫ్టీ చట్టం వర్తిస్తుంది. ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన ఈ చట్టం తెలంగాణలోనూ అమల్లో ఉంది. దాని ప్రకారం 30 రోజుల ఫుటేజీ ఉంచాలి. ఎనిమిది కెమెరాలు, ఒక్కోటి 2 మెగాబిట్లు, రోజంతా రికార్డింగ్ అయితే 30 రోజులకు దాదాపు 5.2 టీబీ అవుతుంది, అంటే 6 టీబీ డిస్క్ కావాలి. హెచ్.265లో 1 మెగాబిట్ చాలనుకుంటే 4 టీబీ సరిపోతుంది. డిస్క్ కొనేటప్పుడు కంప్యూటర్‌ది కాకుండా డబ్ల్యూడీ పర్పుల్, సీగేట్ స్కైహాక్ లాంటి నిఘా రికార్డింగ్ కోసం చేసినది అడగండి. బిగించాక సెర్చ్‌లో పోయిన నెల ఇదే తేదీ తెరిచి చూడమని నెలకోసారి ఎవరికైనా అప్పజెప్పండి.